కడుపుతో ఉన్నవాళ్ళకి ఫోన్ చేసే అక్క

పోయిన గురువారం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా మా పాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న అక్క, టెక్సాస్ ప్లేనోలో కూతురి ఇంట్లో, నిద్రలోనే పోయిందట. గుండె ఆగిపోయిందట. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ గ్రూప్‌లో సగం మందికి ఆవిడ ఎవరో గుర్తుండి ఉండదు. గుర్తున్నవాళ్ళకి కూడా ఆవిడ స్వెటర్ ఆంటీయే. మండు వేసవిలో కూడా నైటీ మీద బూడిదరంగు స్వెటర్ వేసుకుని, దాని జేబులో వేయించిన శనగలు పోసుకుని, పార్కింగ్ లాట్ చుట్టూ నడుస్తూ కనిపించేది.

నేను కెమెరా ఆపేశాను. ఏడుపు రాలేదు. భయమేసింది. అదీ పాత భయం. కడుపు మీదకి చెయ్యి దానంతటదే వెళ్ళింది. కడుపులో ఇప్పుడు ఎవరూ లేరు. నా కొడుకు ప్రీస్కూల్‌కి వెళ్తున్నాడు. కానీ నా బతుకులో అన్నిటికంటే ఎక్కువ భయపడిన ఏడాదిని ఆవిడ పక్కనే గడిపాను. ఆవిడ పేరు చూడగానే ముందు ఆ ఏడాదే వచ్చి నిలబడింది.

న్యూజెర్సీ పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్ గోడలు చెక్కవి. పక్కింట్లో మిక్సీ వేస్తే మా గ్లాసులు అదిరేవి. అక్క ఒంటరిగా ఉండేది. భర్త చాలా ఏళ్ళ కిందటే పోయాడు, ఒక్క కూతురు పెళ్ళి చేసుకుని టెక్సాస్ వెళ్ళిపోయింది. మొదటిరోజు నేను ఆంటీ అని పిలిచాను. "ఆంటీ అని మా అమ్మాయి ఫ్రెండ్స్ పిలుస్తారు. నువ్వు ఉద్యోగం చేసుకునే మనిషివి, అక్కా అను" అంది. మనిషి పొట్టి. మాట ఒంగోలు. ఇరవై ఏళ్ళు అమెరికాలో ఉన్నా ఆ యాస చెక్కుచెదరలేదు, ఇంగ్లీషులో కూడా.

ఆవిడ పని ఫోన్లు చేయడం. కరోనా టీకా కొత్తగా వచ్చిన రోజులవి. కడుపుతో ఉండి టీకా వేయించుకున్న ఆడవాళ్ళలో ఇష్టపడినవాళ్ళ పేర్లు ప్రభుత్వం వాళ్ళు ఒక రిజిస్టర్‌లో చేర్చుకునేవారు. వాళ్ళకి కొన్ని నెలలకోసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నారు, బిడ్డ ఎలా ఉంది, ఏమైనా తేడా వచ్చిందా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. అడగాల్సిన ప్రశ్నలన్నీ ముందే రాసి ఇస్తారు. ఆఫీసులు మూసేశారు కాబట్టి ఆ పని ఇంటినుంచే చేసేది. ఆ మాటలు పరాయివాళ్ళ చెవిన పడకూడదని, పడకగదిలో బట్టలు పెట్టుకునే, మనిషి పట్టేంత అరలో, చీరలకీ కోట్లకీ మధ్య కుర్చీ వేసుకుని తలుపు మూసుకునేది. ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు అదేననుకుంది పాపం. ఆ అర వెనక గోడకి ఆనుకునే నా మంచం ఉండేది.

అవతలి మనిషి మాట వినిపించేది కాదు. అక్క గొంతే వినిపించేది. తన పేరుని రెండక్షరాలకి కుదించి చెప్పుకునేది. మాట్లాడటానికి వీలవుతుందా అని అడిగేది. తర్వాత ప్రశ్నలు. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య "టేక్ యువర్ టైమ్" అనేది. అందరూ అనే మాటే అది, కానీ ఆవిడ అని నిజంగానే ఆగేది. ఒక్కోసారి నిమిషం, రెండు నిమిషాలు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఫోన్ కట్టయిందేమో అనుకునేదాన్ని. అప్పుడు నెమ్మదిగా "ఎస్, ఐ యామ్ హియర్" అనేది.

నాకు వినిపిస్తోందని ఆవిడకి చెప్పలేదు. చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. చెప్తే ఆ గొంతు ఆగిపోతుందని ఊరుకున్నాను. ఎందుకంటే అప్పుడు నాకు మూడోసారి నెల తప్పింది. మొదటి రెండూ నిలవలేదు. ఒకటి తొమ్మిదో వారంలో పోయింది, రెండోది పదిహేడో వారంలో. ఈసారి ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ, మా ఆయనకీ, ఆవిడకీ తప్ప.

ఆవిడకి కూడా నేను చెప్పలేదసలు. మంచు పడ్డ ఒక ఉదయం మెట్ల దగ్గర నేను రెయిలింగ్ పట్టుకుని దిగుతుంటే చూసింది. ఏమీ అడగలేదు. లోపలికెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి, మంచు కరగడానికి మెట్లన్నిటి మీదా చల్లి, "రేపట్నుంచి నేను చల్లినాక దిగు" అంది. విశేషమా అనడం, ఎన్నో నెల అనడం, కడుపు వంక చూడటం, ఇవేవీ ఆవిడ దగ్గర ఉండేవి కావు. రోజంతా అవే ప్రశ్నలు అడిగే మనిషి కనుక బయట వాటి జోలికి వెళ్ళేది కాదేమో.

ఇంకొకటి. మనవాళ్ళల్లో ఎవరైనా భయపడితే పక్కవాళ్ళు అనే మొదటిమాట "ఏం కాదులే." ఇంటర్వ్యూ అయినా, ఆపరేషన్ అయినా, వీసా స్టాంపింగ్ అయినా ఏం కాదులే. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. "తెలీదమ్మాయ్. తెలిస్తే చెప్తా" అనేది. అపార్ట్‌మెంట్‌లో కడుపుతో ఉన్నవాళ్ళు, కావాలనుకుంటున్నవాళ్ళు ఎవరో ఒకరు ఆవిడని ఆపి, "ఆంటీ, మీకు తెలుస్తుంది కదా, టీకా సేఫేనా" అని అడిగేవారు. తెలీదు అనగానే వాళ్ళ మొహాలు వాడిపోయేవి. కొందరికి కోపమొచ్చేది. ఒకావిడ నాతోనే, "రోజంతా అదే పని చేస్తూ తెలీదంటుందేంటి, గర్వం కాకపోతే" అంది.

కానీ ఆవిడకో అలవాటుండేది. సాయంత్రం పని అయ్యాక బాల్కనీలోకి వచ్చి, నేను నా బాల్కనీలో కనపడితే కుడిచెయ్యి ఎత్తి వేళ్ళు చూపించేది. రెండు వేళ్ళు. ఒక్కోరోజు మూడు. ఆ రోజు ఫోన్‌లో కానుపైందని చెప్పినవాళ్ళు అంతమందన్నమాట. ఎవరు, ఎక్కడ, ఆడా మగా ఏమీ చెప్పేది కాదు. వేళ్ళు చూపించి లోపలికెళ్ళిపోయేది. ఆ వేళ్ళ కోసం నేను సాయంత్రం దాకా కాచుకునేదాన్ని. వేళ్ళు కనిపించని రోజు నిద్ర పట్టేది కాదు.

నా వంతు ఏప్రిల్‌లో వచ్చింది. మా ఆయన మందుల కంపెనీ ప్లాంట్‌లో పనిచేసేవాడు. ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. రోజూ నలుగురిలోకి వెళ్ళి రావాలి. వచ్చి ముందు బాత్రూంలో బట్టలు మార్చుకుని, నాకు ఆరడుగుల దూరంలో కూర్చుని అన్నం తినేవాడు. టీకా గురించి డాక్టర్‌ని అడిగితే, "గర్భిణుల మీద సమాచారం ఇంకా తక్కువే ఉంది. జబ్బు వస్తే మాత్రం మీకు ఎక్కువ ప్రమాదం. నిర్ణయం మీదే" అంది. అమ్మ ఖమ్మం నుంచి ఫోన్‌లో, "ఏమొద్దు బిడ్డా. ఇద్దర్ని పోగొట్టుకున్నం. కడుపుల పిల్ల ఉండంగ ఎవళ్ళకీ తెల్వని సూదెందుకు. ఇంట్లనే ఉండు" అంది. మా ఆయన "నువ్వెట్లంటే అట్ల" అన్నాడు. అంతకంటే ఒంటరిని చేసే మాట ఇంకోటి లేదు.

ఆ వారం రోజూ సాయంత్రం అక్కతో పార్కింగ్ లాట్ చుట్టూ తిరిగాను. ఇద్దరికీ మాస్కులు. ఇంతకుముందు ఇద్దరు పోయారని మాత్రం అప్పుడే ఒకసారి చెప్పాను. ఆవిడ ఎప్పుడూ కార్లు వచ్చే వైపు నడిచేది, నన్ను గడ్డి వైపు నెట్టేది. నేను అడగకముందే ఆవిడ వాళ్ళమ్మ సంగతి మొదలుపెట్టింది.

"మా అమ్మకి నాకంటే ముందు ఒక మగబిడ్డ. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడంట. ఆరోరోజు పాలు పట్టడం మానేశాడు. దవడ బిగుసుకుపోయింది. ముట్టుకుంటే చాలు విల్లులా వంగిపోయేవాడంట. ఎనిమిదో రోజుకి పోయాడు. ఏదో గాలి సోకిందన్నారు. బొడ్డు కోసిన కత్తిలోంచి వచ్చిన ధనుర్వాతం అని అప్పుడు ఎవరికీ తెలీదు. మా వీధిలో పురుడొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఆ వారం దాటేదాకా ఎవరూ గట్టిగా నవ్వేవాళ్ళు కాదంట."

శనగలు నమలడం ఆపి నడిచింది కొంతసేపు.

"మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకు టీటీ సూది వేశారు. ఒంగోల్లో హెల్త్ సెంటర్లో మమ్మల్ని బల్ల మీద వరసగా కూర్చోబెట్టి, నర్సమ్మ వచ్చి జబ్బ పట్టుకుని పొడిచి పోయింది. ఏం సూది, ఎందుకు, ఒక్కళ్ళం అడగలేదు. ఆమె చెప్పలేదు. నాకేమో బలానికి అనుకున్నా. అది ధనుర్వాతం సూది అని, నాకోసం కాదు, పుట్టబోయేదానికోసం అని ఈ ఉద్యోగంలో చేరినాక చదివితే తెలిసింది. సూది నాకు, కాపలా దానికి."

"మరి ఇక్కడెందుకక్కా ఇంత భయం?" అని అడిగాను.

"ఇక్కడ కూడా ఒకప్పుడు భయం లేదంట. పోలియో రోజుల్లో కడుపుతో ఉన్నవాళ్ళని ముందు పిలిచి వేసేవాళ్ళంట. ఆ తర్వాత వేరే దేశాల్లో వాంతులు తగ్గడానికని ఇచ్చిన ఒక మందు వల్ల చేతులూ కాళ్ళూ సరిగ్గా లేని పిల్లలు పుట్టారు. అది టీకా కాదు, మందు. కానీ ఆ భయం అన్నిటికీ అంటుకుంది. అప్పట్నుంచి ఏ కొత్తదాన్ని పరీక్షించేటప్పుడైనా కడుపుతో ఉన్నవాళ్ళని పక్కన నిలబెట్టేస్తున్నారు. ఈ టీకాకీ అంతే చేశారు. ఇప్పుడేమో మీ ఇష్టం అంటున్నారు. అప్పుడు మాకు అడగడం తెలీదు. ఇప్పుడు మీరు అడుగుతుంటే చెప్పేవాళ్ళ దగ్గర జవాబు లేదు."

"నువ్వైతే వేయించుకునేదానివా?"

మా బ్లాక్ ముందుకి వచ్చేశాక, "జబ్బుకి నాకు ఎక్కువ భయం" అంది. అంతే.

వేయించుకున్నాను. ఆవిడే కార్లో తీసుకెళ్ళింది. సూది వేశాక పదిహేను నిమిషాలు కుర్చీలో కూర్చోబెడతారు. ఆ పదిహేను నిమిషాలూ చెయ్యి కడుపు మీద పెట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చాక కార్లో ఆవిడ ఏమీ అడగకుండా గుప్పెడు శనగలు నా చేతిలో పోసింది. ఆ రాత్రి చెయ్యి నొప్పి పెట్టింది, కొద్దిగా జ్వరం వచ్చింది. పొద్దున్నే పోయింది. రెండో డోస్ మూడు వారాల తర్వాత.

పదో రోజు మధ్యాహ్నం లాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని పని చేసుకుంటున్నాను. గోడ అవతల అక్క ఎప్పటిలాగే మొదలుపెట్టింది. పేరు చెప్పింది. వీలవుతుందా అని అడిగింది. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. నేను ఎప్పుడూ విన్నదానికంటే పెద్దది. అప్పుడు ఆవిడ గొంతు, "ఐ యామ్ సో సారీ" అంది. మళ్ళీ నిశ్శబ్దం. తర్వాత, "మీరు ఇప్పుడే ఆపేయొచ్చు, ఇంకెప్పుడైనా చేస్తాను" అని ఇంగ్లీషులో అంది. అవతలి మనిషి వద్దని ఉంటుంది. అక్క ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. ఎన్నో వారం. ఏ రోజు. ముందు ఏమైనా తెలిసిందా. ఒక్కొక్కటీ అదే గొంతుతో, అదే నెమ్మదితో. "టేక్ యువర్ టైమ్." ఆ కాల్ నలభై నిమిషాలు నడిచింది. నేను లాప్‌టాప్ మూసేసి, గోడకి వీపు ఆనించి, కదలకుండా కూర్చున్నాను. కదిలితే కడుపులో ఏదో అయిపోతుందనిపించింది.

కాల్ అయిపోగానే వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఆ అమ్మాయికి బిడ్డ పోయింది కదా" అన్నాను తలుపు తీయగానే.

"ఏ అమ్మాయి?"

"ఇందాక మాట్లాడినామె. నాకు గోడలకెల్లి వినిపిస్తదక్కా. మొదట్నుంచి వినిపిస్తుంది."

ఆవిడ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది. "పేరు వినపడ్డదా?"

"లేదు."

"ఊరు?"

"నీ మాటలొక్కటే."

కుర్చీలో కూలబడింది. స్వెటర్ చేతులు లాక్కుంటూ, "ఇన్నాళ్ళూ చెప్పలేదేంది అమ్మాయ్" అంది. తిట్టలేదు, అడిగింది. "ఆ పిల్ల నన్ను నమ్మి చెప్పింది. వాళ్ళమ్మకి కూడా చెప్పని సంగతులు చెప్పింది."

నాకు సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే భయం పెద్దది. "టీకా వల్లేనా? అదొక్కటి చెప్పు" అన్నాను.

"తెలీదు."

"ఎప్పుడడిగినా తెలీదంటవు. నాకు పదకొండు రోజులల్ల రెండో డోసుంది. నేనేం చెయ్యాలె? రోజూ ఏళ్ళు చూపిస్తివి. పోయినోళ్ళను ఏ చేత్తో చూపిస్తవు?"

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను. ఆవిడ ఎడమచెయ్యి స్వెటర్ జేబులో ఉంది. దాన్ని బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"నీకు పోయిన ఇద్దరి గురించి ఎవరైనా ఫోన్ చేశారా?" అని అడిగింది చివరికి.

"ఎవరు చేస్తరు?"

"ఎవరైనా. ఎన్నో వారం, ఏ రోజు, ఏం తెలిసింది అని అడిగారా? ఎక్కడైనా రాసుకున్నారా?"

ఎవరూ అడగలేదు. హాస్పిటల్‌లో కాగితం ఇచ్చి పంపారు. అమ్మ, మళ్ళీ అవుతారులే అంది. మా ఆయన పడకగదిలో దుప్పటి మార్చేశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"అయితే నేనడుగుతా. కూర్చో."

కాగితం లేదు, పెన్ను లేదు. అరలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా ఎదురుగా వేసుకుని, ఇన్నాళ్ళూ గోడలోంచి విన్న గొంతుతోనే, ఈసారి తెలుగులో, మొదటి బిడ్డ గురించి అడిగింది. ఎన్నో వారం. ఆ రోజు పొద్దున ఏం తిన్నావు. ఎక్కడున్నావు. నొప్పి ఎప్పుడు మొదలైంది. తర్వాత రెండోది. ఆడపిల్లని చెప్పారా. చూశావా. నేను ఆగిపోయిన చోటల్లా ఆగింది. తొందరపెట్టలేదు. ఊరుకోమ్మా అనలేదు. ఏడుపు ఆగిందాకా చూసి తర్వాతి ప్రశ్న అడిగింది. కిటికీలోంచి ఎండ పోయి, ఎదుటి బ్లాక్‌లో లైట్లు వెలిగేదాకా అలాగే కూర్చున్నాం. ఆ ఇద్దరి గురించి మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేను చెప్పడం, ఒకరు వినడం అదే మొదలు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

అంతా అయ్యాక లేచి మంచినీళ్ళిచ్చింది.

"నీకు పోయినప్పుడు ఈ టీకా లేదు" అంది. "టీకా లేకపోయినా పోతారు. అదే బాధ. మామూలుగా ఎంతమందికి పోతారో, వీళ్ళలో ఎంతమందికి పోయారో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలీదు. పుట్టినవాళ్ళనే రాసుకుంటే అది లెక్క కాదు, ఓదార్పు. అందుకే ఆ పిల్ల ఏడుస్తున్నా నేను అడుగుతా. నువ్వు నన్ను కసాయిదనుకో, అయినా అడుగుతా."

"నాకు ఏమయిద్దక్కా?"

"తెలీదు. ఇప్పటిదాకా నాకు వినపడ్డంతలో టీకాకి భయపడాల్సిందేదీ కనపళ్ళేదు. నేను ఒక్కదాన్ని, కొన్ని కాల్స్. అంతకుమించి చెప్పలేను. జబ్బొచ్చి ఊపిరందక హాస్పిటళ్ళలో ఉన్నవాళ్ళ సంగతులు కూడా వింటున్నా. వాటికి మాత్రం నాకు నిద్ర పట్టట్లేదు."

మర్నాటి నుంచి ఆ అరలో గొంతు వినిపించలేదు. ఆవిడ ఫోన్లు కార్లోంచి చేయడం మొదలుపెట్టింది. పార్కింగ్ లాట్ చివర, చెత్త డబ్బాల పక్కన కారు ఆపుకుని, అద్దాలన్నీ ఎక్కించుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. మే దాటి జూన్ వచ్చింది. ఎండలు ముదిరాయి. ఇంజన్ చప్పుడు ఫోన్‌లో వినపడుతుందని ఏసీ ఆపేసేది. కిటికీలోంచి చూస్తే అద్దం వెనక పెదవులు కదులుతూ కనిపించేవి. నా మూలంగానే కదా ఇదంతా. వద్దు, లోపల చేసుకో, నేను మంచం జరుపుకుంటానని చెప్పాను. "గోడ నీ ఒక్కదానికే కాదుగా" అంది.

రెండో డోస్ వేయించుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. వేయించుకోకపోతే ఆ భయం, వేయించుకుంటే ఈ భయం. రెండిటిలో ఈ భయానికి పక్కన ఒక మనిషి ఉంది.

ఆగస్టులో, నాకు తొమ్మిదో నెల రాబోతుండగా, ఒకరోజు పొద్దున్నే తలుపు కొట్టింది. చేతిలో చిన్న సూట్‌కేస్. "ప్లేనో వెళ్తున్నా. ఇంట్లో పనుంది" అంది. కూతురు బాగుందా అంటే "ఆఁ" అంది. ఎన్నాళ్ళంటే తెలీదంది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చూడలేదు. నా కానుపు టైమ్‌లో ఇలా వెళ్ళిపోయిందేమిటని నాకు కోపమొచ్చింది. ఎవరితోనూ అనలేదు గానీ మనసులో గట్టిగా పెట్టుకున్నాను. రోజు విడిచి రోజు ఫోన్ చేసేది. బిడ్డ కదులుతున్నాడా, కాళ్ళు వాచాయా, తలనొప్పి ఉందా, ఈ మూడూ అడిగి పెట్టేసేది. గొంతు పొడిగా ఉండేది. విసుగనుకున్నాను.

వాడు సెప్టెంబర్ మొదటి వారంలో పుట్టాడు. ఏడుపు వినిపించేదాకా నేను కళ్ళు తెరవలేదు. వాడికి నెల నిండాక అక్క తిరిగొచ్చింది. బాగా చిక్కిపోయి ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి, మాస్క్ తీయకుండా, చేతులు రెండుసార్లు కడుక్కుని, వాడిని ఎత్తుకుంది. "పాలు పడుతున్నాడా" అంది. పడుతున్నాడన్నాను. వాడి దవడ మీద బొటనవేలు పెట్టి, వాడు వేలు చీకబోయేదాకా అలాగే చూసింది.

రెండేళ్ళ తర్వాత ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పండగలకి మాట్లాడుకునేవాళ్ళం. ఆ మధ్య మళ్ళీ వార్తల్లో టీకాల మీద వాదాలు మొదలైనప్పుడు ఒకసారి ఫోన్ చేశాను. "ఇప్పుడు తెలిసింది కదక్కా" అన్నాను. "తెలిసింది. టీకా వల్ల బిడ్డలు పోలేదని తెలిసింది. ఎంతమంది చెప్తే తెలిసిందో నాకు తెలుసు. ఇప్పుడు ఎవడో ఒక్క మాటతో కొట్టిపారేస్తుంటే వాళ్ళందరి గొంతులూ గుర్తొస్తున్నాయి" అంది. అదే మా చివరి మాట.

ఆదివారం న్యూవార్క్‌లో ఫ్లైట్ ఎక్కి వెళ్ళాను. ప్లేనోలో ఇల్లు నిండా చుట్టాలు. అంత్యక్రియలు అయిపోయాయి. కూతురిని నేను చూడటం అదే మొదటిసారి. ఎనిమిదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చిన పిల్ల, ఇప్పుడు ముప్ఫై దాటిన మనిషి. వాళ్ళమ్మ లాగే పొట్టి. అందరూ హాల్లో భోజనాలు చేస్తుంటే నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"మీరే కదా, గోడ అక్క" అంది. "అమ్మ మీ గురించి చెప్పింది. ఆ ఆగస్ట్‌లో మీ డెలివరీకి ఉండలేదని చాలా ఫీల్ అయింది."

"ఇంట్లో పనుందని వచ్చింది" అన్నాను.

ఆ అమ్మాయి నా వంక ఆశ్చర్యంగా చూసింది. "మీకు చెప్పలేదా? నేను ఐసీయూలో ఉన్నాను. కోవిడ్. సెవెన్ మంత్స్ ప్రెగ్నెంట్ అప్పుడు నేను."

నా చేతిలో గ్లాసు గట్టుమీద పెట్టేశాను. పిస్కాటవేలో ఆ పార్కింగ్ లాట్ చుట్టూ నాతో నడిచిన రోజుల్లో, ఆవిడ కూతురు కూడా కడుపుతో ఉంది. ఒక్కమాట చెప్పలేదు.

"మీరు వేయించుకోలేదా?" అని అడిగాను. అడిగాక అడక్కూడదేమో అనిపించింది.

"లేదక్కా. అమ్మ డైలీ వీడియో కాల్ చేసేది. కాల్స్ మధ్యలో, కార్లోంచి. వేయించుకో అని చెప్పేది. కానీ నేను తన మొహం చూసేదాన్ని. కొన్ని రోజులు మొహం బాగా ఉండేది కాదు. తను ఏమీ చెప్పదు, రూల్ కదా. బట్ ఐ న్యూ. ఎవరి బేబీకో ఏదో అయింది అని తెలిసిపోయేది. ఆ మొహం చూసి నాకు భయమేసింది. వేయించుకున్నవాళ్ళే కదా అమ్మకి చెప్పేది అని. తర్వాత నేను ఫోన్ ఎత్తడం మానేశాను."

వాళ్ళమ్మ వచ్చేసరికి ఈ అమ్మాయికి గొంతులో ఊపిరి గొట్టం. లోపలికి ఎవరినీ రానిచ్చేవారు కాదట. పాపని ముందే ఆపరేషన్ చేసి తీశారు. అరచేతిలో పట్టేంత ఉందట, వేరే అంతస్తులో గాజు పెట్టెలో పెట్టారు. అక్క పదిహేడు రోజులు హాస్పిటల్ పార్కింగ్‌లో అద్దె కార్లో కూర్చుంది. అక్కడినుంచే తన ఉద్యోగం కాల్స్ చేసేది. అక్కడినుంచే నాకూ చేసింది.

"నాకు మాట్లాడటం వచ్చిన రోజు అమ్మకి కాల్ చేశాను. తిడుతుంది అనుకున్నా. ఐ వాజ్ రెడీ ఫర్ ఇట్. నువ్వు చెప్పింది వినలేదు, నీ మొహం చూసి భయమేసింది అమ్మా అని చెప్పేశాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. కట్ అయింది అనుకున్నాను. తర్వాత అంది, 'భయపడ్డ మనిషిని తిట్టకూడదు. నాకూ భయంగానే ఉండింది. నేనే ఆ మొహంతో నీకు చేసి ఉండకూడదు.' అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు."

గట్టు మీద గిన్నెలు సర్దుతూ ఆగింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఆ తర్వాత ఎప్పుడు వీడియో కాల్ చేసినా అమ్మ ముందుగా మొహం కడుక్కునేది. బొట్టు పెట్టుకునేది. ఫ్రెష్‌గా, ఏమీ కానట్టు. నాకు తెలిసేది. నేను చెప్పేదాన్ని కాదు."

హాల్లోంచి ఆ గాజు పెట్టెలోని పాపే, ఇప్పుడు నాలుగేళ్ళ పిల్ల, "అమ్మా, వేర్ ఆర్ యూ" అని పిలిచింది. చిన్న అడుగుల చప్పుడు వంటింటి వైపే వస్తోంది. ఆ అమ్మాయి గబుక్కున సింక్ దగ్గరికి వెళ్ళి, కొళాయి తిప్పి, రెండు దోసిళ్ళ నీళ్ళు మొహం మీద చల్లుకుని, చున్నీతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. అప్పుడు వెనక్కి తిరిగి, "ఇక్కడే ఉన్నా నాన్నా, రా" అంది.